రెబ్కమ్మ చూసిన వెలుగు

నేను కరెంటు మనిషిని. పేరు ప్రేమ్‌చంద్. ఇరవై రెండేళ్ళుగా లైట్లు పెట్టించడమే నా పని. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు, పత్తి మిల్లులు, కల్యాణ మండపాలు అయ్యాక ఇప్పుడు మంగళగిరిలో ఈ డేటా సెంటరు. గది కొలతలు చెప్తే చాలు, ఎన్ని లైట్లు పడతాయో నోటి లెక్కన చెప్పేస్తాను. అలాంటి నాకు వెలుగంటే ఏమిటో నేర్పింది ఎవరయ్యా అంటే, మా హాల్లో నేల తుడిచే రెబ్కమ్మ. ఈ మాట పైకి అనడానికి నాకు చాలా రోజులు పట్టింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నేననే గర్వం అంతకంటే కొంచెం పైనే ఉంటుంది. కావాలంటే మా ఆవిడని అడగండి.

రెబ్కమ్మది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. బడికి రెండో తరగతి దాకా వెళ్ళింది, ఆ తర్వాత మిరప చేలోకి వెళ్ళింది. పన్నెండేళ్ళ వయసు నుంచి మొన్న మొన్నటి దాకా కాయలు ఏరడమే ఆమె బతుకు. కల్లంలో ఎండిన మిరపకాయల గుట్ట ముందు కూర్చుని, మంచి కాయ ఒక పక్కకి, రంగు పోయి తెల్లబడిన తాలు కాయ ఇంకో పక్కకి, నిమ్ము తగిలి నల్లబారిన కాయ మరో పక్కకి వేయాలి. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. రోజుకి ఎన్ని వేల కాయలు ఆ వేళ్ళ మధ్యనుంచి పోయాయో ఆమెకే తెలియదు. మోకాళ్ళు అరిగిపోయి గొంతుక్కూర్చోలేని స్థితి వచ్చాక, మాకు పనివాళ్ళని పంపే ఏజెన్సీ వాళ్ళని పట్టుకుని మా దగ్గర చేరింది. భర్త నతానియేలు మిర్చి యార్డులో బస్తాలు మోసినవాడు, ఇప్పుడు నడుం పడిపోయి ఇంటి పట్టునే ఉంటున్నాడు.

డేటా సెంటరంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. మనం ఫోన్లో చూసేది, పంపేది, దాచుకునేది అంతా ఎక్కడో ఒక చోట కంప్యూటర్లలో ఉండాలిగా, ఆ చోటు ఇదే. హాలు నిండా నిలువెత్తు నల్ల బీరువాలు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో బీరువాకీ జుట్టు జడల్లా రంగురంగుల తీగలు. ఒక్క కిటికీ ఉండదు. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల ఉన్నది మేం పెట్టిన వెలుగే. మొదటి రోజు లోపలికి వచ్చినప్పుడు రెబ్కమ్మ గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సారూ, జనం మాటలన్నీ ఇందులోనే ఉంటాయంటగా?" అంది.

"ఉంటాయి, నీ మాటలు కూడా ఉంటాయి. ముందు ఆ మూల తుడువు," అన్నాను. నేనంతే. పెద్దావిడని కూడా చూడకుండా నువ్వు అనేసే రకం.

ఆ హాలుకి లైట్లు ఎంచింది నేనే. మూడు కంపెనీల వాళ్ళు నమూనాలు తెచ్చారు. డేటా సెంటర్లో లైటు ఎంచడం ఇంట్లో లైటు ఎంచినట్టు కాదు. లైటు ఇచ్చే వేడిని కూడా ఏసీలే మోయాలి. అందుకని తక్కువ కరెంటు తాగి ఎక్కువ వెలుగిచ్చేది ఏదో చూశాను. మూడింట్లో ఒకటి మిగతా రెండింటినీ తీసి పక్కన పెట్టేసేలా ఉంది. తెల్లగా, పాలు పోసినట్టు వెలుగు. వరసల మధ్య నేల మీద మీటరు పెట్టి కొలిస్తే అంకె అదిరిపోయింది. మా సైటు మేనేజరు వీరబాబు గారు భుజం తట్టారు. ఆ రోజు ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఇక శ్రీరమ్య సంగతి. చీమకుర్తి పిల్ల. వాళ్ళ నాన్న గ్రానైటు కోసే మిషను దగ్గర పనిచేస్తాడు. పాలిటెక్నిక్ చదివి, ఒంగోల్లో హాస్టల్లో ఉండి ఏవో కోర్సులు చేసి, మా దగ్గర టెక్నీషియన్‌గా చేరింది. ఆరు నెలల ట్రయల్. అది ఇంకో పది రోజుల్లో అయిపోయి ఉద్యోగం ఖాయం అవుతుందనగా, ఒక బుధవారం నాడు ఆ ఘోరం జరిగింది.

ఆ రోజు మా హాలు అద్దెకి తీసుకోబోయే కస్టమర్ మనుషులు ఇద్దరు వచ్చి పరీక్ష చేసుకుంటున్నారు. ఒక బీరువాలో గోధుమరంగు తీగ తీసేయాలి. పక్కనే ఉన్న ఎర్ర తీగ ముట్టుకోకూడదు. ఎర్రదాని మీదే ఆ వరసంతా నడుస్తోంది. తీగలకి పేర్ల చీటీలు ఇంకా కట్టలేదు, మర్నాడు కట్టాల్సినవి. రంగు చూసి తీయాలి. శ్రీరమ్య చెయ్యి పెట్టి లాగింది. లాగింది ఎర్రది. వరస మొత్తం పడుకుంది. మళ్ళీ లేపడానికి పదకొండు నిమిషాలు పట్టింది. కస్టమర్ మనుషుల మొహాలు చూడాలి అప్పుడు!

"ఎరుపేదో, గోధుమరంగేదో తెలియదా అమ్మా?" అని వీరబాబు గారు అరిచారు.

"నేను గోధుమరంగుదే లాగానండి," అంది శ్రీరమ్య. అది ఎర్రదేనని పడుకున్న వరసే చెప్తుంటే, ఆ తీగ చేతిలో పట్టుకునే ఆ మాట అంది.

నాకు ఒళ్ళు మండింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? నెత్తి మీదా?" అన్నాను. అందరి ముందూ అన్నాను. పిల్లకి రంగులు కనపడవేమో, కళ్ళ డాక్టరుకి చూపించండి అని కాగితం మీద సంతకం పెట్టి పంపింది కూడా నేనే.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నారు. దాంతో పిల్ల పని ఇంకా పాడైపోయింది. కళ్ళు బాగుంటే మరి నిర్లక్ష్యమేగా? పైగా అబద్ధమాడుతోంది అని అందరూ తేల్చేశారు. శుక్రవారం పదకొండింటికి మీటింగు, తీసేస్తున్నట్టు లెటరు చేతికిస్తారు. మా లైన్లో ఒక చోట ఇలా తీసేస్తే ఇంకో చోట తీసుకోరు, ఫోన్ చేసి కనుక్కుంటారు. ఆ పిల్ల చదువంతా ఆ ఒక్క కాగితంతో బూడిదలో పోసినట్టే.

గురువారం పొద్దున నేను ఆఫీసు గదిలో ఉన్నాను. రెబ్కమ్మ బకెట్ గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వచ్చింది. బయట మెట్ల మీద ఏడుస్తున్న శ్రీరమ్య దగ్గర అప్పటిదాకా కూర్చుని వచ్చిందట.

"సారూ, ఆ పిల్ల తప్పు కాదు. మీ లైటు తప్పు," అంది.

నేను ఎగిరాను. ఏం మాటలన్నానో ఇప్పుడు రాయలేను. ఇరవై రెండేళ్ళ సర్వీసు అన్నాను, మీటరు అన్నాను, నీకేం తెలుసన్నాను, ఎవరు నేర్పారన్నాను. ఆమె గోడకి చెయ్యి ఆనించుకుని మొత్తం విన్నది.

"అయిందా సారూ?" అంది. "ఒక్కసారి నాతో రండి."

ఏమనుకున్నానో ఏమో, వెళ్ళాను. హాల్లోకి తీసుకెళ్ళింది. ఒక లైటు కింద నిలబెట్టి, "చెయ్యి చాపండి. అరచెయ్యి చూసుకోండి," అంది. చూసుకున్నాను. తర్వాత వెనక తలుపు తెరిచి ఎండలోకి తీసుకెళ్ళి, మళ్ళీ చూసుకోమంది. అప్పుడు తగిలింది నాకు. ఎండలో నా అరచెయ్యి రక్తం ఉన్న చెయ్యి. లోపల చూసింది, ముసుగేసి పడుకోబెట్టిన మనిషి చెయ్యి.

"మేం కొత్త చోట కాయ ఏరడానికి వెళ్తే ముందు కాయ ముట్టుకోం సారూ. అరచెయ్యి చూసుకుంటాం. చెయ్యి చచ్చినట్టు కనపడితే అక్కడ కూర్చోం. మేస్త్రి తిట్టినా కూర్చోం. ఆ వెలుగులో ఎరుపు ఎరుపులా ఉండదు. తాలంతా మంచి కాయలో కలిసిపోద్ది. పని చేసినోళ్ళ మీదకి వస్తది మాట," అంది.

"మరి ఈ మాట మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. సూపర్‌వైజరు, నేల తుడిచేదానికి లైటు సంగతెందుకన్నాడు."

అయినా నా బుర్ర ఊరుకుంటుందా? చెయ్యి సంగతి వేరు, తీగ సంగతి వేరు అన్నాను. ఆమె నవ్వింది. "రేపు పొద్దున్నే కాయలు తెస్తా. మీరే చూద్దురుగాని," అంది.

శుక్రవారం ఎనిమిదింటికల్లా వచ్చింది, ఒక సంచితో. హాల్లోకి మిరపకాయలు తేకూడదు, దుమ్ము. అందుకని అవే లైట్లున్న స్టోరు గదిలో బల్ల మీద పోయించాను. సరిగ్గా వంద కాయలు. మంచివి, రంగు తిరిగి తాలు కావడం మొదలైనవి, నిమ్ము తగిలినవి, మూడూ కలిపేసి ఉన్నాయి.

"వీటి తొడిమల అడుగున మా ఆయన పెన్నుతో చుక్కలు పెట్టాడు. మంచిదానికి ఒకటి, తిరిగినదానికి రెండు, నిమ్ముదానికి మూడు. నన్ను చూడనీలా. చుక్కలు పెట్టేటప్పుడు నేను బయట కూర్చున్నా," అంది.

చూడండి మరి. నేను చదివిన చదువులో ఇలాంటి పరీక్ష ఎలా పెట్టాలో చెప్పడానికి ఒక పుస్తకం ఉంది. ఆ పుస్తకం ఆమె జన్మలో చూసి ఉండదు. నడుం లేవని భర్తని మంచం మీద కూర్చోబెట్టి వంద కాయలకి చుక్కలు పెట్టించుకుని వచ్చింది.

నా లైటు కింద నిలబడి ఏరడం మొదలెట్టింది. నలభై అయిదేళ్ళుగా కాయ చూసిన మనిషి. ఒక్కో కాయ దగ్గర ఆగింది, తిప్పి చూసింది, పైకెత్తి చూసింది. నిమిషాలు గడిచాయి. అయ్యాక తొడిమలు తిప్పి చూస్తే పంతొమ్మిది తప్పులు. ఆ పంతొమ్మిదీ చూసి ఆమె మొహం చిన్నబోయింది. నాకే బాధేసింది.

అన్నీ కలిపేసి, బయట మెట్ల మీదకి వెళ్ళాం. మోకాళ్ళ వల్ల పై మెట్టు మీద కూర్చుని, ఎండ ఎడమ భుజం మీదుగా వచ్చేలా తిరిగింది. ఆ చేతులు కదిలిన తీరు నేను బతికుండగా మర్చిపోను. ఆమె కాయల్ని చూస్తున్నట్టే లేదు, నాతో మాట్లాడుతూనే ఉంది. వేళ్ళు తమ పని తాము చేసుకుపోతున్నాయి. రెండు నిమిషాలు పట్టి ఉండదు. తొడిమలు ఒక్కొక్కటీ నేనే తిప్పి చూశాను. ఒక్క తప్పు లేదు. వందకి వంద. నోరెళ్ళబెట్టి చూశాను. ఇలాంటి మనిషి నాలుగు నెలలుగా నా పక్కన నేల తుడుస్తోంది, ఆ మూల తుడువు, ఈ మూల తుడువు అంటున్నాను నేను.

"ఇంకోటి సారూ," అంది. "మీ లైట్లన్నీ బీరువాల నెత్తిన ఉన్నాయి. వంగి చూస్తే మన నీడ మన చేతి మీదే పడుద్ది. మేం వెలుగుకి వీపు పెట్టం, భుజం పెడతాం."

పరిగెత్తాను లోపలికి. మీటరు తీసుకుని, ఈసారి నేల మీద కాదు, బీరువా మొహానికి ఆనించి నిలువుగా పట్టుకున్నాను. నేల మీద అయిదు వందలు చూపించినది అక్కడ ఎనభై చూపించింది. నేను మీటర్ని పడుకోబెట్టి కొలిచాను. తీగలేమో నిలబడి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా నేల ఎంత వెలుగుగా ఉందో కొలుస్తున్నాను, మనిషి చూసే చోట ఎంత ఉందో ఎప్పుడూ కొలవలేదు.

లైట్ల కంపెనీ ఇంజినీరుకి ఫోన్ చేశాను. ముదురు ఎరుపుని లైటు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పడానికి ఒక అంకె ఉంటుంది, వందకి ఇంత అని. మన లైటుకి ఎంత వస్తుందో చెప్పవయ్యా అన్నాను. అతను కాసేపు వెతికాడు. "సున్నా కంటే కిందే సార్. మైనస్ ఎనిమిది. అది పార్కింగ్ షెడ్లకి తీసుకుంటారు సార్ ఎక్కువగా," అన్నాడు. లక్షల మిషనుతో కొలిచే ఆ మైనస్ ఎనిమిదిని ఈమె మొదటి రోజే తన అరచేతిలో చదివేసింది. ఫోన్ పెట్టేసి అక్కడే ఉన్న డబ్బా మీద కూర్చుండిపోయాను.

అప్పుడు టైము పదింపావు. నిజం చెప్తున్నాను, ఒక పది నిమిషాల పాటు నాలో దొంగ లేచాడు. ఈ సంగతి నాకూ ఈమెకీ తప్ప ఎవరికీ తెలియదు. లైట్లు ఎంచింది నేను, సంతకం నాది. నోరు మూసుకుంటే పిల్ల వెళ్ళిపోతుంది, నేను మెల్లగా ఏదో వంక పెట్టి లైట్లు మార్పించుకోవచ్చు. ఛీ, ఇలా ఆలోచించానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆలోచించాను. రెబ్కమ్మ గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది. కాయని చూసినట్టే చూసింది నన్ను.

"మీరు చెప్తారా సారూ, నన్ను చెప్పమంటారా?" అంది.

"నేనే చెప్తాను రెబ్కమ్మ గారూ," అన్నాను. ఆమెని గారూ అనడం అదే మొదటిసారి.

పదకొండింటికి మీటింగు గదిలో వీరబాబు గారు, కస్టమర్ మనుషులు ఇద్దరు, ఏజెన్సీ మేనేజరు, నేను. చివర కుర్చీలో శ్రీరమ్య. లెటరు బల్ల మీద ఉంది. నేను కూర్చోలేదు. "ముందు అందరూ ఒకసారి హాల్లోకి రండి," అన్నాను. వీరబాబు గారు చిరాకు పడ్డారు. చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకెళ్ళాను.

ఆ బీరువాలోనే, అదే ఎత్తులో, దేనికీ కలపని విడి తీగల గుత్తి వేలాడదీశాను. ఎరుపు ఒకటి, గోధుమరంగు ఒకటి, చుట్టూ మిగతా రంగులు. "ఒక్కొక్కరే వచ్చి గోధుమరంగుది లాగండి. లాగినది ఎవరికీ చూపించకుండా గుప్పిట్లో పెట్టుకోండి," అన్నాను. ఒకరు లాగగానే నేను అలాంటిదే ఇంకో గుత్తి అక్కడ వేలాడదీశాను. కస్టమర్ పెద్దమనిషి నవ్వుతూ వచ్చి, అరసెకను ఆలోచించకుండా లాగేశాడు. మిగతా వాళ్ళూ లాగారు. అందరినీ కారిడారు చివర కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గుప్పిళ్ళు విప్పమన్నాను. నలుగురిలో ముగ్గురి చేతుల్లో ఎర్ర తీగలు. వీరబాబు గారి చేతిలో కూడా ఎర్రదే. ఆయన దాన్ని ఎండలో అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"లైటు ఎంచింది నేను. తప్పుగా ఎంచాను. కనిపెట్టింది రెబ్కమ్మ గారు. ఈ అమ్మాయి కళ్ళకి ఏమీ కాలేదు, నేను చీకట్లో నిలబెట్టి రంగు చెప్పమన్నాను," అన్నాను. శ్రీరమ్య వైపు తిరిగి, "తప్పయిపోయిందమ్మా," అన్నాను. పిల్ల రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. వీరబాబు గారు వెనక్కి వెళ్ళి బల్ల మీది లెటరు తీసి నాలుగు ముక్కలు చేశారు. నాకొక మెమో వచ్చింది. రావాల్సిందే, తీసుకున్నాను.

వారం తర్వాత కొత్త నమూనాలు వచ్చాయి. ఈసారి మూడూ బీరువా మొహం మీద వెలుగు పడేలా, వరసల మధ్యకి జరిపి వేలాడదీయించాను. వీరబాబు గారు, కస్టమర్ మనుషులు అందరూ వచ్చారు. రెబ్కమ్మ గారిని పిలిపించారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏది పెట్టమంటారో మీరే చెప్పండమ్మా," అన్నారు వీరబాబు గారు.

ఆమె మూడింటినీ చూసింది. చూసి, అడ్డంగా తలూపింది.

"నేనెందుకు చెప్పడం సారూ? ఇక్కడ నేను ఏరేది ఏముంది? ఏ చోట కూర్చుంటే కాయ కనపడుద్దో ఏరేవాళ్ళే చెప్పాలి. తీగ పట్టుకునేది ఆ పిల్ల. ఆ పిల్లని అడగండి."

అందరూ శ్రీరమ్య వైపు తిరిగారు. పిల్ల బిగుసుకుపోయింది. వారం రోజులుగా ఎవరి కళ్ళలోకీ చూసి మాట్లాడలేదు. మెల్లగా ముందుకి వచ్చింది. ఒక్కో లైటు కిందా నిలబడింది, వంగింది, తీగల గుత్తిలో చెయ్యి పెట్టింది, తన నీడ ఎటు పడుతోందో చూసుకుంది. మొదటిదాని దగ్గరికి రెండోసారి వెళ్ళింది. మేమందరం చూస్తున్నాం. ఇంత మంది పెద్దవాళ్ళు ఒక ఆడపిల్ల ఏం చూస్తోందా అని అలా నిలబడి ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"మూడోదండీ," అంది.

"ఖాయమేనా?" అన్నాడు కస్టమర్ పెద్దమనిషి.

"ఖాయమండీ." ఈసారి గొంతు గట్టిగా వచ్చింది.

ఫారంలో లైటు ఎంపిక చేసినవారు అని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో నా పేరే రాసుకున్నాను. ఆ రోజు అక్కడ శ్రీరమ్య అని రాసి పెన్ను ఆ పిల్ల చేతికిచ్చాను. ఆ కళ్ళని పరీక్ష చేయించమని సంతకం పెట్టిన నేను, ఆ పిల్ల సంతకం ఆరేదాకా ఆగి, దాని కింద నాది పెట్టాను.